కేంద్రకాల తునకలు: హైదరాబాద్ బెలూన్ల వెనక నేపథ్యం

ఈసీఐఎల్ దగ్గర టాటా ఇన్‌స్టిట్యూట్ బెలూన్ కేంద్రం నుంచి ఎగిరిన పరికరాలు వికారాబాద్ వైపు పొలాల్లో దిగితే ‘ఆకాశం నుంచి వింత వస్తువు’ అని వార్తలొస్తాయి. మర్నాటికి ఆ వార్త పాతబడుతుంది. అలాంటి బెలూన్లను తొలినాళ్లలో ఎగరేయించిన ప్రశ్నల్లో ఒకటి మాత్రం ఇంకా తేలలేదు. అమిత వేగంతో వచ్చే బరువైన పరమాణు కేంద్రకం మరో కేంద్రకాన్ని ఢీకొంటే ఏయే ముక్కలుగా, ఎంత తరచుగా విరుగుతుంది?

1937లో మరియెటా బ్లౌ, హెర్తా వాంబాకర్ ఆస్ట్రియా కొండల మీద ఉంచిన ఫొటో ప్లేట్లలో, ఒకే చుక్క నుంచి అన్ని వైపులా చిమ్మిన గీతలు కనిపించాయి. అంతరిక్షం నుంచి అమిత వేగంతో వచ్చే కణం, అంటే కాస్మిక్ కిరణం, తగిలి కేంద్రకం పగిలిన ఆనవాళ్లవి. పగలడం రెండు దశల్లో జరుగుతుందని 1947లో రాబర్ట్ సెర్బర్ వివరించాడు. ముందు లోపలి ప్రోటాన్లు, న్యూట్రాన్లు ఒకదాన్నొకటి తన్నుకుంటాయి. ఆపైన వేడెక్కిన శేషం కణాలను ఒక్కొక్కటిగా వదిలేస్తూ చల్లారుతుంది. మరుసటి ఏడాదే అమెరికాలో బెలూన్లలో పంపిన ఎమల్షన్ ప్లేట్లు (కణాల గీతలను పట్టే ఫొటో పూత పూసినవి), కాస్మిక్ కిరణాల్లో బరువైన కేంద్రకాలూ ఉన్నాయని చూపించాయి. ఆ పరిశోధకుల్లో ఒకరైన బెర్నార్డ్ పీటర్స్ 1950లలో బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చి పనిచేశాడు.

హైదరాబాద్ ప్రత్యేకత ఇక్కడే. భూమి అయస్కాంత క్షేత్రం మన అక్షాంశంలో తక్కువ శక్తి ఉన్న కణాలను వెనక్కి తిప్పేస్తుంది. బరువైన కేంద్రకమైతే, దానిలోని ఒక్కో ప్రోటాన్‌కూ న్యూట్రాన్‌కూ సుమారు 7 గిగా ఎలక్ట్రాన్‌వోల్ట్ల (కణాల శక్తికి కొలమానం) పైన శక్తి ఉంటేనే ఇక్కడి ఆకాశానికి చేరగలదు. తర్వాత అమెరికాలోని బర్క్‌లీలో వచ్చిన, కేంద్రకాలకు వేగమిచ్చే బెవలాక్ యంత్రం ఇచ్చిన గరిష్ఠ శక్తి 2.1 మాత్రమే. అంటే 1960లలో ఇక్కడ ఎమల్షన్లు ఎగరేసినవాళ్లకు అంతకు మూడు రెట్లకు పైబడిన శక్తి, ఏ యంత్రమూ లేకుండానే అందింది. మన విజ్ఞాన చరిత్రలో ఈ సంగతికి దక్కాల్సిన చోటు దక్కలేదని నా గట్టి అభిప్రాయం.

వాళ్లకు ముక్కల లెక్క ఎందుకు? కాస్మిక్ కిరణాల్లో లిథియం, బెరిలియం, బోరాన్ ఉండాల్సినదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. కార్బన్, ఆక్సిజన్ కేంద్రకాలు నక్షత్రాల మధ్య వాయువును ఢీకొని విరిగితే పుట్టినవే వాటిలో అధికం. కాబట్టి బోరాన్, కార్బన్‌ల నిష్పత్తిని బట్టి ఆ కిరణాలు ఎంత పదార్థం దాటి వచ్చాయో లెక్కగట్టవచ్చు. బెలూన్ పైన మిగిలిన పలుచటి గాలిలో విరిగినవాటిని మాత్రం తీసేయాలి. ఏది ఎంత తరచుగా విరుగుతుందో తెలియకపోతే ఈ రెండు లెక్కలూ సాగవు.

ఆకాశంలో మనకు కావలసిన కేంద్రకం కావలసినప్పుడు రాదు. బర్క్‌లీలో 1971లో నత్రజని కేంద్రకాలకు, 1974 నుంచి బెవలాక్‌లో ఇంకా బరువైనవాటికి వేగమిచ్చాక చిత్రం తేటపడింది. ఒకదానిపై ఒకటి పడిన భాగాలు నుజ్జవుతాయి. పక్కకు తప్పుకున్న భాగం దాదాపు పాత వేగంతోనే ముందుకు సాగుతూ విరుగుతుంది. ఆ ముక్కల వేగాల్లో కనిపించే చిన్న తేడాలకు, ఢీకొనకముందు కేంద్రకం లోపల కణాలు కదులుతున్న తీరే కారణమని 1974లో ఆల్‌ఫ్రెడ్ గోల్డ్‌హేబర్ చూపాడు. విరిగిన ముక్కను చూసి విరగని కేంద్రకం లోపలి కదలికను చదవగలగడం నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా అందమైన ఘట్టం.

1995లో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో బంగారు కేంద్రకాలను ఢీకొట్టించినవారు, శక్తి పెరుగుతున్నా కొంతమేర ఉష్ణోగ్రత పెరగలేదని ప్రకటించారు. నీళ్లు మరిగేటప్పుడు జరిగేదీ అదే. కేంద్రక పదార్థం కూడా ద్రవం నుంచి వాయువుగా మారుతుందా అన్న చర్చ దానితో బలపడింది.

ఆ తర్వాత అందరి దృష్టీ క్వార్క్ గ్లూవాన్ ప్లాస్మా (ప్రోటాన్లు, న్యూట్రాన్లు కూడా కరిగిపోయిన అతి వేడి స్థితి) మీదికి మళ్లింది. అయినా ముక్కల అవసరం తీరలేదు. ఐరోపా కణ భౌతిక పరిశోధన కేంద్రం సెర్న్‌లో సీసపు కేంద్రకాలు ఎంత సూటిగా ఢీకొన్నాయో అంచనా కట్టడానికి ఉన్న దారుల్లో, పక్కకు తప్పుకుని సాగిపోయిన న్యూట్రాన్లను కొలవడం ఒకటి. తాకకుండా పక్కగా దాటిపోయినా విద్యుదయస్కాంత క్షేత్రం సీసం నుంచి మూడు ప్రోటాన్లను ఊడగొట్టి, దాన్ని బంగారంగా మార్చగలదని అక్కడి ఆలిస్ ప్రయోగ బృందం 2025లో వెల్లడించింది. 2015 నుంచి 2018 దాకా అలా పుట్టిన బంగారం సుమారు 29 పికోగ్రాములు (పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు).

క్యాన్సర్‌కు కార్బన్ కిరణాలతో చికిత్స చేసే చోట కూడా ఇదే లెక్క కావాలి. దారిలో విరిగిన కార్బన్ ముక్కలు కణితిని దాటి వెనక ఉన్న ఆరోగ్యకరమైన కణజాలానికి తగులుతాయి.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంపై 2011 నుంచి పనిచేస్తున్న, కాస్మిక్ కిరణాలను పట్టే ఏఎంఎస్ పరికరం బోరాన్, కార్బన్‌ల నిష్పత్తిని ఎంతో కచ్చితంగా కొలుస్తోంది. కార్బన్ ఎంత తరచుగా బోరాన్‌గా విరుగుతుందన్న ప్రయోగశాల కొలతలు మాత్రం అంత కచ్చితంగా లేవు. ఆ లోటు పూడ్చడానికే సెర్న్‌లో ఎన్‌ఏ61 ప్రయోగం 2018లో కార్బన్ కిరణంతో తొలి కొలతలు మొదలుపెట్టింది.