అమృత్‌సర్ నుంచి లాహోర్‌కి, వయా దుబాయ్

అమృత్‌సర్ నుంచి లాహోర్‌కి రోడ్డు మీద దాదాపు 50 కిలోమీటర్లు. విజయవాడలో బయల్దేరి గుంటూరు దాటి ఇంకాస్త ముందుకెళ్తే అంతే దూరం. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత అట్టారీ-వాఘా దారి మూసేశారు. నేరుగా విమానం లేదు. సరిహద్దు మూతపడితే వీసా ఉన్నవాళ్ళకి కూడా దుబాయ్ లాంటి మూడో దేశం చుట్టి రావడమే గతి. అంటే పోనూ రానూ కాదు, ఒక్కవైపే 4 వేల కిలోమీటర్లు!

ఇదంతా దేశ విభజన వల్లే అనుకుంటాం. అది సగమే నిజం. ఈ రెండు ఊళ్ళ మధ్య రైలు 1862లోనే నడిచింది. పొద్దున వెళ్ళి పని చూసుకుని సాయంత్రానికి ఇల్లు చేరేవాళ్ళు. 1947లో, అంతకుముందు ఇండియా మొహం చూడని లండన్ లాయరు సిరిల్ రాడ్‌క్లిఫ్ ఐదు వారాల్లో గీత గీసేశాడు. అయినా రాకపోకలు ఒక్కసారిగా ఆగిపోలేదు. 1948లో పర్మిట్, 1952లో పాస్‌పోర్ట్ వచ్చాయి. అవి వచ్చాక కూడా, 1955 జనవరిలో లాహోర్ టెస్టుకి పాకిస్తాన్ గేట్లు తెరిస్తే అమృత్‌సర్ నుంచి వేల మంది వెళ్ళి మ్యాచ్ చూసొచ్చారు. చాలామంది రాత్రికి ఇంట్లోనే ఉన్నారు. ఇప్పుడు వింటే కట్టుకథలా ఉంటుంది.

దారిని నిజంగా తెంపింది 1965 యుద్ధం. ఆ తర్వాత 1971లో మరో యుద్ధం. చివరికి 1976 జులై 22న ఈ రెండు ఊళ్ళ మధ్యే సంఝౌతా ఎక్స్‌ప్రెస్ మొదలైంది. మొదట్లో అది రోజూ నడిచేది. పంజాబ్ గొడవల రోజుల్లో మన వైపు దాన్ని అట్టారీ దగ్గరే ఆపేశారు. 1994లో వారానికి రెండు రోజులకి కుదించారు. సరిహద్దు దాటే ముక్క 3 కిలోమీటర్లే. కానీ అక్కడ దిగాలి, సామాను విప్పాలి, ముద్ర వేయించుకోవాలి, అవతల మళ్ళీ అదే తంతు. రైలు వేగంతో పనే లేదు, టైమంతా క్యూలోనే పోయేది.

పార్లమెంటు మీద దాడి తర్వాత 2002 నుంచి రెండేళ్ళు రైలు ఆగింది. 2006లో అమృత్‌సర్-లాహోర్ బస్సు వచ్చింది. 2019 ఆగస్టులో, కశ్మీర్ ప్రత్యేక హోదా రద్దయ్యాక, రైలూ బస్సూ రెండూ ఆగిపోయాయి. కాలినడకన దాటే గేటు మాత్రం అప్పుడు మిగిలింది.

2020 జనవరిలో మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు 20 మంది ఇంటికొచ్చింది ఆ గేటు నుంచే. గుజరాత్ నుంచి వేటకెళ్ళి పట్టుబడి, కరాచీ జైల్లో ఏడాదికి పైగా ఉన్నవాళ్ళు. కరాచీ నుంచి గుజరాత్ తీరం దగ్గరే, అయినా వాళ్ళని పంజాబ్ దాకా తీసుకొచ్చి వదిలారు.

2025లో ఆ గేటు కూడా మూసేశారు. రెండు దేశాలూ ఒకరి విమానాలకి ఒకరు ఆకాశం కూడా మూసుకున్నాయి. ఢిల్లీ నుంచి యూరప్, అమెరికా వెళ్ళే మన విమానాలు దక్షిణంగా చుట్టు తిరగాల్సి వచ్చింది. లాహోర్‌తో ఏ పనీ లేని ప్రయాణికుడికి కూడా అదనపు గంటలు తప్పలేదు.