చెక్క ఎక్కువ పెడితే పాలు ఎక్కువ వస్తాయా?

పలమనేరు దగ్గర మా ఇంట్లో రెండు జెర్సీ క్రాస్ ఆవులున్నాయి. ఒకటి ఈనాక అమ్మ దానికి రోజూ మూడు కిలోల చెనిక్కాయ చెక్క (గింజల నుంచి నూనె తీశాక మిగిలే పిప్పి) నానబెట్టి పెట్టేది, దాంతోపాటు వరిగడ్డి, అంతే. పాలు పన్నెండు లీటర్ల దగ్గర ఆగిపోయాయి. "ఇంకో కిలో వేద్దామా?" అంది. వద్దన్నాను.

చెక్కతో పాలు పెరగవని కాదు. పది లీటర్ల పాలలో సుమారు 330 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది, రక్తంలో వచ్చే అమైనో ఆమ్లాలతో పొదుగు దాన్ని తయారుచేస్తుంది. వరిగడ్డిలో ప్రోటీన్ 3, 4 శాతమే, చెక్కలో 40 శాతం పైనే. ఒట్టి గడ్డి తినే ఆవుకు చెక్క మొదలుపెడితే పాలు పెరగడం అందరం చూసిందే, పైగా అప్పటిదాకా సగం వదిలేసిన గడ్డిని కూడా తింటుంది.

ఎందుకంటే ఆ మేత ముందు చేరేది పేగుల్లోకి కాదు, రూమెన్ అనే పెద్ద పొట్టలోకి. అక్కడ కోటానుకోట్ల సూక్ష్మజీవులు ఉంటాయి. గడ్డిలోని పీచును అరిగించేది అవే, వాటికి ప్రోటీన్ చాలకపోతే గడ్డి అరగదు, ఆవు తినదు. చెక్కలోని ప్రోటీన్‌లో చాలా భాగాన్ని అవి అమ్మోనియా దాకా విరగ్గొట్టి, దానితో తమ ఒంట్లో కొత్త ప్రోటీన్ కట్టుకుంటాయి. తర్వాత మేతతో పాటు కిందికి జారి పేగుల్లో అవే అరిగిపోతాయి. ఆవుకు అందే ప్రోటీన్‌లో సగానికి పైగా సాధారణంగా ఇలా వచ్చిందే. నాకు ఈ విషయం తెలిసిన రోజు ఆవును చూసే చూపే మారిపోయింది, మనం దాణా పెడుతున్నది ముందు వాటికి!

అమ్మోనియాను ప్రోటీన్‌గా మార్చడానికి సూక్ష్మజీవులకు శక్తి కావాలి, అదీ అదే సమయంలో. చెనిక్కాయ చెక్క రూమెన్‌లో తొందరగా విరిగిపోతుంది, వరిగడ్డి మెల్లగా అరుగుతుంది. గడ్డి నుంచి శక్తి వచ్చేలోపు అమ్మోనియా రక్తంలోకి పోతుంది, కాలేయం దాన్ని యూరియాగా మారుస్తుంది, ఆ పనికి ఆవు తన శక్తినే ఖర్చు పెట్టాలి. యూరియాలో ఎక్కువ భాగం మూత్రంలో, కొంత పాలలో పోతుంది. పొద్దున్నే పాకలోకి పోతే కళ్లు మండే ఘాటు వస్తుందే, అందులో మనం కొన్న చెక్క డబ్బు కూడా ఉంది. మేపు బాగున్నా తిన్న ప్రోటీన్‌లో పాలలోకి చేరేది సుమారు పావు వంతు, మహా అయితే మూడో వంతు.

అందుకే అమ్మతో చెక్క ఒకటిన్నర కిలోకు తగ్గించి, మిగతాది మొక్కజొన్న పిండి, తవుడుగా మార్పించాను, కత్తిరించిన పచ్చి సూపర్ నేపియర్ గడ్డి కలిపాం. మార్పు పది రోజుల్లో మెల్లగా చేశాం, మొక్కజొన్న ఒక్కసారిగా ఎక్కువైతే రూమెన్ పులిసిపోయి ఆవు మేతే మానేస్తుంది. రోజుకు ఇరవై లీటర్లిచ్చే ఆవుకైతే లెక్క వేరు, సూక్ష్మజీవుల ప్రోటీన్ ఒక్కటే దానికి చాలదు. రూమెన్‌లో విరగకుండా పేగుల దాకా పోయే బైపాస్ ప్రోటీన్ దాణా అలాంటి వాటికే.

ఇంకొకటి, బూజు పట్టిన చెక్క చవగ్గా వచ్చినా తేవద్దు. అందులోని అఫ్లాటాక్సిన్ విషం పాలలోకి వస్తుంది, కాచినా పోదు.

మా ఆవు పాలు తగ్గలేదు, అదే పన్నెండు లీటర్లు. పాకలో ఘాటు మాత్రం బాగా తగ్గింది, అమ్మే ముందు గమనించింది.