మాస్ కమ్యూనికేషన్ ఎవరు చదువుతారు? అపోహలు - వాస్తవాలు

పదేళ్లు న్యూస్ డెస్క్‌లో పనిచేసి, ఇప్పుడు హైదరాబాద్‌లో జర్నలిజం పాఠాలు చెబుతున్నాను. అడ్మిషన్లప్పుడు ఏటా వినే మాటలివి.

అపోహ: ఇంజినీరింగ్ సీటు రానివాళ్లే ఇటు వస్తారు.

వాస్తవం: బీటెక్ పూర్తిచేసి వచ్చేవాళ్లూ నా క్లాసులో ఉంటారు. ఎందుకొచ్చావంటే మొదట అందరూ "ఇంట్రెస్ట్ సార్" అనే అంటారు. అసలు కారణం బయటపడడానికి రెండు, మూడు నెలలు పడుతుంది. నల్లగొండ జిల్లా నుంచి వచ్చిన ఒకమ్మాయి చెప్పింది: "ఫ్లోరైడ్ వార్త వచ్చినప్పుడల్లా మా తాత కాళ్ల ఫొటో వేశారు సార్. ఆయన ఏమన్నాడో ఒక్కరూ రాయలేదు." ఆ మాట విన్నాక ఆ రోజు పాఠం పక్కనపెట్టి, ఇంటర్వ్యూ ఎలా చేయాలో చెప్పాను. ఇలాంటి బాకీ ఏదో ఒకటి మనసులో పెట్టుకొని వచ్చేవాళ్లు మనం అనుకునేదానికంటే ఎక్కువ.

అపోహ: టీవీలో కనబడాలన్న మోజు, అంతే.

వాస్తవం: కొందరికి ఉంటుంది, అది తప్పేం కాదు. రిపోర్టింగ్‌కు వెళ్లి, ఎడిటింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నాక చాలామంది మనసు మారుతుంది. జహీరాబాద్ దగ్గర మాచునూర్‌లో 2008లో మొదలైన సంఘం రేడియో గురించి చెప్పినప్పుడు క్లాసు నిశ్శబ్దమైపోతుంది. దాన్ని నడిపింది పల్లెటూరి దళిత మహిళలు.

అపోహ: ఇది నిన్నమొన్న వచ్చిన కోర్సు.

వాస్తవం: ఉస్మానియాలో జర్నలిజం విభాగం 1954లోనే మొదలైంది.

అపోహ: చేతిలో ఫోన్ ఉంటే చాలు, చదువెందుకు?

వాస్తవం: వీడియో తీయడం ఎవరైనా నేర్చుకోవచ్చు. ఏది బయటపెట్టకూడదో తెలియడమే కష్టం. అత్యాచార బాధితురాలు ఎవరో తెలిసేలా రాస్తే, భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు శిక్ష పడొచ్చు. కొత్తలో నేను బాధితురాలి పేరు రాయకుండా, ఊరి పేరూ తండ్రి చేసే పనీ రాసిచ్చాను. మా సీనియర్ సబ్ ఎడిటర్ కాపీ ఆపేసి, "ఆ ఊళ్లో వాళ్లకు ఇంకేం కావాలి?" అని అడిగింది. అది తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడ వస్తుంది.

అపోహ: జీతాలు రావు.

వాస్తవం: ఇందులో నిజముంది. మొదటి కొన్నేళ్లు జీతం తక్కువే. మండలాల నుంచి పత్రికలకు వార్తలు రాసి పంపే కంట్రిబ్యూటర్లలో చాలామందికి నెల జీతమనేదే లేదు. ఫీజు కట్టకముందే ఈ మాట తల్లిదండ్రులకు చెబుతాను. కిందటేడు కొడుకును చేర్పించడానికి ఒకాయన వచ్చాడు. నేను మొదలుపెట్టబోతే, "తెలుసు సార్, నేను ఇరవై ఏళ్ల నుంచి కంట్రిబ్యూటర్‌నే. నాకు నేర్పినోళ్లు లేరు, వీడికి నేర్పండి" అన్నాడు.