ఒకే తాను ముక్కలు ఒక చోటికి ఎలా చేరతాయి?

విశ్వవిద్యాలయంలో ఏ స్నేహబృందాన్ని గమనించినా, అందులోని వారి వయసు, చదివే శాఖ, కుటుంబ నేపథ్యం, అభిరుచులు చాలావరకు కలుస్తాయి. ఇలా పోలిక ఉన్నవారి మధ్యే బంధాలు ఎక్కువగా ఏర్పడే ధోరణికి సామాజిక శాస్త్రవేత్తలు పాల్ లాజర్స్‌ఫెల్డ్, రాబర్ట్ మెర్టన్ 1954లో ‘హోమోఫిలీ’ అని పేరు పెట్టారు. తెలుగులో దీన్ని సారూప్య ప్రీతి అనవచ్చు గానీ, ఆ ‘ప్రీతి’ అనే మాట మనల్ని కొంత తప్పుదారి పట్టిస్తుందని నా అభిప్రాయం. ఒకే తాను ముక్కలు ఒక చోటికి చేరడంలో వాటి ఇష్టం ఎంత, వాటిని పక్కపక్కన పడేసిన పరిస్థితుల పాత్ర ఎంత అన్నదే అసలు ప్రశ్న.

ఇష్టానికి పాత్ర ఉందన్నది నిజం. 1950లలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో థియోడర్ న్యూకమ్ ఒకరికొకరు పరిచయం లేని 17 మంది విద్యార్థులను ఒకే ఇంట్లో ఉంచి, వారి స్నేహాలు ఎలా మారుతున్నాయో వారాల తరబడి పరిశీలించారు. మరుసటి సంవత్సరం మరో 17 మందితో అదే ప్రయోగం చేశారు. కాలం గడిచేకొద్దీ, ఆ ఇంటికి రాకముందే భావాలు కలిసినవారు ఒకరికొకరు దగ్గరయ్యారు. అయితే జర్మనీలో 2008లో వెలువడిన ఒక అధ్యయనంలో, పరిచయ సమావేశంలో చీటీ వేసినట్లు యాదృచ్ఛికంగా పక్కపక్క కుర్చీలు దక్కిన కొత్త విద్యార్థులు, ఏడాది తర్వాత చూస్తే, మిగిలినవారికంటే ఎక్కువ స్నేహంగా ఉన్నారు. ఆ కుర్చీలను వారు ఎంచుకోలేదు.

ఈ రెండు శక్తులు ఒకదానికొకటి ఎలా తోడవుతాయో గ్యోర్గి కోసినెట్స్, డంకన్ వాట్స్ 2009లో చూపించారు. వారు ఒక పెద్ద విశ్వవిద్యాలయంలోని సుమారు 30,000 మంది మధ్య ఏడాది పాటు సాగిన ఈమెయిళ్లలో, ఎవరు ఎవరికి రాశారన్న వివరాలను విశ్లేషించారు. కొత్త పరిచయాలు ఎక్కువగా ఉమ్మడి మిత్రుల ద్వారానో, ఒకే తరగతి ద్వారానో ఏర్పడుతున్నాయి. మిత్రుడి మిత్రుడు సహజంగానే మనను పోలి ఉంటాడు. మనం చేరే తరగతిలోనూ మనలాంటివారే ఎక్కువ. అందువల్ల పోలికపై ఉన్న మొగ్గు మొదట కొద్దిపాటిదే అయినా, ఒక్కో పరిచయం తర్వాతి పరిచయాల పరిధిని ఇంకొంచెం కుదించడంతో, చివరికి అది బలమైన విభజనగా కనిపిస్తుంది.

స్నేహం కుదిరాక ఒకరి ప్రభావం మరొకరిపై పడి పోలిక పెరగడమూ ఉంది. అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో గదులను యాదృచ్ఛికంగా కేటాయించిన పద్ధతిని ఆధారం చేసుకుని బ్రూస్ సాసెర్డోట్ 2001లో చేసిన అధ్యయనం, గదిలోని సహవాసి ప్రభావం మార్కులపైనా, ‘ఫ్రాటర్నిటీ’లనే విద్యార్థి సంఘాల్లో చేరే నిర్ణయంపైనా కనిపిస్తుందని, ప్రధాన పాఠ్యాంశం ఎంపికపై మాత్రం కనిపించదని తేల్చింది.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసింది 2012లో ఏంజెలా బాన్స్, ఆమె సహచరులు ప్రచురించిన పరిశీలన. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో పెద్ద విశ్వవిద్యాలయాన్నీ, చిన్న కళాశాలలనూ పోల్చి చూస్తే, రకరకాల విద్యార్థులు ఉన్న పెద్ద ప్రాంగణంలోనే మిత్రుల అభిప్రాయాలు, అలవాట్లు ఎక్కువగా కలిశాయి. వేలమంది ఉన్నచోట అచ్చం తనలాంటివారిని వెతుక్కోవడం సాధ్యం. కొద్దిమందే ఉన్నచోట ఉన్నవారితోనే కలవాలి. అలా కలిసిన చిన్న కళాశాలల మిత్రులే తమ స్నేహం మరింత గాఢమైనదని చెప్పారు.