ఐదో కాంటూరు టోపోషీటులో దొరకదు: కొల్లేరు పటాలపై అపోహలు - వాస్తవాలు

గోదావరి డెల్టా పడమటి అంచున భూములు కొలిచే వృత్తిలో ఉన్నవాణ్ణి కనుక, ‘మా చెరువు ఐదో కాంటూరుకు లోపలా, బయటా?’ అనే ప్రశ్న నాకు తరచుగా ఎదురవుతుంది. కాంటూరంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత; ఐదోది ఐదడుగుల ఎత్తుది. 1999లో కొల్లేరును ఈ కాంటూరు వరకు, సుమారు 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో లోపలి చేపల చెరువుల గట్లు తెగగొట్టించిన సంగతి ఇక్కడ ఎవరూ మరువలేదు కనుక, రైతుల భయం సహజమే.

అయితే టోపోషీటు, అంటే నేల ఎత్తుపల్లాలు చూపే సర్వే పటం, చూస్తే ఆ గీత తెలిసిపోతుందన్న నమ్మకమే ఎక్కువమందిని ముంచుతోంది. 1:50,000 షీటులో కాంటూర్లు సాధారణంగా 20 మీటర్లకొకటి ఉంటాయి. ఐదడుగులంటే మీటరున్నర మాత్రమే. సిక్కింలోని దక్షిణ ల్హోనక్ వంటి హిమానీ సరస్సు చుట్టూ కాంటూర్లు ఒత్తుగా ఉండి లోయ ఆకారం పటంలోనే తెలుస్తుంది. కొల్లేరు చుట్టూ నేల దాదాపు సమతలం కనుక అడుగు ఎత్తు పెరిగితే నీరు ఎంతో దూరం పాకుతుంది, షీటులో మాత్రం ఒక్క కాంటూరూ కనబడదు. కొల్లేరును చూపే 65హెచ్/2 నంబరు షీటులోని నీలి అంచు సర్వే నాటి నీటి విస్తీర్ణమే. దాన్నే ఐదో కాంటూరని చూపి భూములు అమ్మజూపే మధ్యవర్తుల మాట నమ్మకండి.

ఫోనులో కనబడే ఎత్తూ అంతే. దానిలో కొన్ని మీటర్ల తేడా మామూలే. మండవల్లి వైపు ఒక యువరైతు, ఫోను మూడు మీటర్లు చూపిందన్న ధైర్యంతో బయానా ఇచ్చేశాడు. అతడు నిలబడి చూసింది చెరువు గట్టు మీద. బెంచ్‌మార్కు (ఎత్తు ముందే తెలిసిన గుర్తు) నుంచి లెవెల్ తెచ్చి, గట్టు దిగువన తవ్వని నేలపై స్టాఫ్ (కొలతల కర్ర) నిలబెట్టి చూస్తే ఎత్తు మీటరు పది సెంటీమీటర్లే వచ్చింది. ఆ అబ్బాయి ముఖం చూడలేకపోయాను.

ఐదో కాంటూరంటే ఐదడుగుల లోతు నీరు కాదు, సగటు సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు. జిరాయితీ (సొంత భూమి) పట్టా ఉన్నంత మాత్రాన అభయారణ్య నిబంధనలు తొలగిపోవు. గట్టు పోసి మెరక చేసినా హద్దు జరగదు.

బయానా ఇవ్వకముందే సర్వే నంబరును అటవీ, రెవెన్యూ శాఖల దగ్గరున్న అభయారణ్య హద్దులతో సరిచూపించుకోండి. లెవెల్ తీయించేటప్పుడు ఏ బెంచ్‌మార్కు నుంచి తెచ్చారో కాగితం మీద రాయించుకోండి.