కళ్ల కింద ఉబ్బు: అది నీరో, కొవ్వో ముందు తేల్చుకోండి

శ్రీకాకుళంలో నేను కనురెప్పల జబ్బులు, ఆపరేషన్లు చూసే కంటి డాక్టర్ని. కళ్ల కింద సంచులని వచ్చేవాళ్లు కుర్చీలో కూర్చోగానే బ్యాగులోంచి సగం వాడిన ట్యూబులు తీసి బల్ల మీద పెడతారు. "ఇన్ని రాసినా ఏటీ తగ్గనేదు డాక్టరమ్మా" అంటారు. నేను ముందుగా అడిగేది ఒకటే: పొద్దున ఎక్కువగా ఉండి సాయంత్రానికి తగ్గుతోందా, రోజంతా ఒకేలా ఉంటోందా? సగం సంగతి ఆ జవాబులోనే తెలిసిపోతుంది. ఉబ్బు నీటి వల్ల రావచ్చు, కొవ్వు వల్ల రావచ్చు, చర్మం సాగి రావచ్చు. కొందరిలో అసలు ఉబ్బే ఉండదు, కింద గాడి పడటం వల్ల పైభాగం ఎత్తుగా కనిపిస్తుంది. ఒకదానికి పనిచేసే వైద్యం ఇంకోదానికి పనిచేయదు, ఒక్కోసారి ఉన్నదాన్ని పెంచుతుంది. ఓపీలో నాకు రోజూ వినపడే మాటలనే ఇక్కడ తీసుకున్నాను.

అపోహ: నిద్ర చాలకే సంచులు వస్తాయి. బాగా పడుకుంటే పోతాయి.

నిద్ర తక్కువైతే, రాత్రంతా ఏడిస్తే, మర్నాడు కళ్లు ఉబ్బుతాయి. ఆ ఉబ్బు మధ్యాహ్నానికి దిగిపోతుంది. ఏళ్ల తరబడి ఉండిపోయే సంచులు వేరు. కనుగుడ్డుకి దెబ్బ తగలకుండా దాని చుట్టూ కొవ్వు ఉంటుంది. కింది రెప్ప వెనక ఆ కొవ్వు మూడు భాగాలుగా, ముక్కు వైపు, మధ్యన, చెవి వైపు సర్దుకుని ఉంటుంది. దాన్ని ముందుకు రాకుండా ఆపేది పల్చని పొర ఒకటి. వయసుతో ఆ పొర వదులైతే, పాత పరుపు గలేబు సాగి దూది ఒకచోట ఉబికినట్టు, కొవ్వు ముందుకొస్తుంది. ఒంట్లో అన్నిటికన్నా పల్చని చర్మం కనురెప్పలదే కాబట్టి ఏమాత్రం ఉబికినా పైకి కనిపించేస్తుంది.

కొన్ని కుటుంబాల్లో ఇది ఇరవై అయిదేళ్లకే మొదలవుతుంది. అందుకే నేను పాత ఫొటోలు, అమ్మానాన్నల ఫొటోలు తెమ్మంటాను. ఆధార్ కార్డు మీది ఫొటో పెళ్లి ఫొటో పక్కన పెడితే ఉబ్బు ఎప్పుడు మొదలైందో చాలావరకు తెలుస్తుంది.

ఇంట్లో మీరే చూసుకోవచ్చు. అద్దం ముందు గడ్డం కదపకుండా కళ్లు మాత్రం పైకెత్తండి. సంచి ఇంకా ముందుకు పొంగితే అది కొవ్వు అయ్యే అవకాశం ఎక్కువ. పైకి చూసినా మారకుండా, పొద్దున ఎక్కువై సాయంత్రానికి తగ్గేది సాధారణంగా నీరు. రెప్ప కింద కాకుండా బుగ్గ ఎముక మీద ఉబ్బు ఉంటే అది ఇంకో రకం, దానికి వైద్యం కష్టం. రెప్ప సంచికి చేసే ఆపరేషన్‌తో అది పోదు. ఆ సంగతి ఆపరేషన్‌కి ముందే తెలియాలి.

అపోహ: కళ్ల కింద వాపు అందానికి సంబంధించిన విషయమే.

ఈ జిల్లాలో నేను గట్టిగా చెప్పదలుచుకున్నది ఇదే. కొత్తగా మొదలైన వాపు, రెండు కళ్లకీ వచ్చి పొద్దున లేవగానే బాగా కనిపించే వాపు ఉంటే, ముందు మూత్ర పరీక్ష చేయించండి. మూత్రంలో ప్రొటీన్, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తంలో, థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్, వీటితో పాటు బీపీ. ఇవి ఏ మండల కేంద్రంలోనైనా అయ్యే పరీక్షలు, ఒక మంచి క్రీము ధర కూడా కావు.

పిల్లల విషయంలో అసలు ఆలస్యం చేయొద్దు. నరసన్నపేట వైపు నుంచి ఒకామె ఆరేళ్ల పాపను తీసుకొచ్చింది. ఎలర్జీ అనుకుని మందుల షాపులో ఇచ్చిన చుక్కలు వేస్తున్నారు. పాప కళ్లలో ఎరుపు లేదు, దురద లేదు. బూటు విప్పమంటే మేజోడు ఎలాస్టిక్ పట్టిన చోట చీలమండ చుట్టూ లోతుగా గాడి పడి ఉంది. మూత్రంలో ప్రొటీన్ విపరీతంగా పోతోంది. అది నెఫ్రోటిక్ సిండ్రోమ్, మూత్రంలో ప్రొటీన్ పోయే కిడ్నీ జబ్బు. అదే రోజు పిల్లల డాక్టరు దగ్గరికి పంపాం. ఆ జబ్బుకి మంచి మందులున్నాయి, చాలామంది పిల్లలు వాటికి బాగా స్పందిస్తారు. కంటి చుక్కలతో మాత్రం అది తగ్గదు.

దీనికి తిరగేసి చెప్పే అపోహ కూడా ఉంది: "నా కళ్లు ఉబ్బలేదు, కాబట్టి కిడ్నీలు బాగున్నాయి" అని. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు ఉద్దానంలో కనిపించే కిడ్నీ జబ్బులో మూత్రంలో ప్రొటీన్ తక్కువగానే పోతుంది, వాపు చాలా ఆలస్యంగా వస్తుంది. వాపు కనిపించేసరికి కిడ్నీలు బాగా దెబ్బతిని ఉండొచ్చు. ఆ ఊళ్లవాళ్లు మొహం చూసుకుని ధైర్యం తెచ్చుకోకుండా క్రియాటినిన్ చేయించుకుంటూ ఉండాలి. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలయ్యాయి, అంత దగ్గర్లో వైద్యం ఉంది.

జబ్బేమీ లేకపోతే మిగిలేది ఎక్కువగా ఉప్పే. రోజుకి 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పొద్దున చద్దన్నంలో ఆవకాయ, రాత్రి ఎండుచేపల కూర తినే ఇంట్లో ఆ హద్దు ఎప్పుడు దాటిపోతుందో తెలియదు. తినొద్దని నేను అనను. ఎండుచేపలు రెండుసార్లు నీళ్లు మార్చి నానబెట్టండి, రాత్రిపూట పచ్చడి మానండి, తల కింద ఇంకో దిండు వేసుకోండి. నీటి ఉబ్బు ఉన్నవాళ్లకి ఆ తేడా అద్దంలో కనిపిస్తుంది.

అపోహ: మంచి క్రీము దొరికితే సంచులు కరిగిపోతాయి.

పైన రాసిన క్రీము లోపలి కొవ్వుని కరిగించదు. కెఫీన్ ఉన్న క్రీము రక్తనాళాల్ని కాసేపు ముడుచుకునేలా చేస్తుంది, కొన్ని గంటలు ఉబ్బు తగ్గినట్టుంటుంది. రెటినాల్ నెలల తరబడి వాడితే సన్న ముడతలు కొంత మెరుగవుతాయి, గర్భిణులు వాడకూడదు. కీరా ముక్క, చల్లటి చెంచా, ఫ్రిజ్‌లో పెట్టిన టీ బ్యాగు, అన్నిట్లోనూ పనిచేసేది చల్లదనమే. నీటి ఉబ్బుకి అవి పర్వాలేదు.

భయపడాల్సింది స్టిరాయిడ్ ట్యూబులకి. పక్కింటావిడ చెప్పిందనో, షాపతను ఇచ్చాడనో తెల్లబడటానికి మొహానికి రాసే ట్యూబునే కళ్ల కిందా రాస్తున్నారు. మొదటి వారం బాగుందనిపిస్తుంది. నెలలు గడిచేకొద్దీ చర్మం ఇంకా పల్చబడి సన్నని నాళాలు బయటపడతాయి. రెప్పల మీద ఎక్కువ కాలం రాస్తే కంట్లో ప్రెషర్ పెరిగి నీటికాసులు (గ్లాకోమా) రావచ్చు, శుక్లం రావచ్చు. నీటికాసుల వల్ల పోయిన చూపు తిరిగి రాదు. ఇలాంటి చాలా పూతమందుల్ని డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని కేంద్రం 2018లో షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. మీ ట్యూబు మీద బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అని ఉంటే తీసుకొచ్చి చూపించండి.

అపోహ: ఆపరేషన్ ఎందుకు, ఒక ఇంజెక్షన్‌తో పోతుంది.

ఏ ఇంజెక్షన్ అన్నది అడగాలి. బొటాక్స్ కండరాన్ని వదులు చేస్తుంది. కంటి చివర నవ్వితే పడే గీతలకి అది మంచిదే. సంచికి వేస్తే, రెప్పని బిగించి ఉంచే కండరం కూడా వదులై సంచి ఇంకా పెరగొచ్చు.

ఫిల్లర్ హైలురోనిక్ యాసిడ్ జెల్. సంచి చిన్నదై, దాని కింద గాడి లోతుగా ఉన్నవాళ్లకి ఆ గాడి నింపితే ఎత్తుపల్లాలు కలిసిపోయి బాగుంటుంది. దీని పని దాదాపు ఏడాది, కొందరిలో ఇంకా ఎక్కువ ఉంటుంది. కానీ ఆ జెల్ నీటిని పట్టి ఉంచుకునే గుణం ఉన్నది. ముందే నీటి ఉబ్బు ఉన్నవాళ్లకి వేస్తే ఉబ్బు ఇంకా పెరగొచ్చు. పైపైన వేస్తే చర్మం కింద నీలంగా కనిపిస్తుంది. అరుదుగానైనా జెల్ రక్తనాళంలోకి పోతే చర్మం చచ్చిపోవచ్చు, చూపు పోవచ్చు. అందుకే బ్యూటీ పార్లర్‌లో వేయించుకోవద్దని బతిమాలుతున్నాను. వేసే మనిషి డాక్టరై ఉండాలి, జెల్‌ని కరిగించే హైలురోనిడేజ్ మందు ఆ గదిలో ఉండాలి. "అది మీ దగ్గరుందా" అని అడగడానికి మొహమాటపడకండి.

కొవ్వు కరిగించే ఇంజెక్షన్ గురించీ అడుగుతున్నారు. డీఆక్సీకోలిక్ యాసిడ్‌కి అమెరికాలో 2015లో అనుమతి వచ్చింది గడ్డం కింద కొవ్వుకి. కంటి దగ్గర దాన్ని నేను వేయను, వేయించుకోమని చెప్పను.

అపోహ: లేజర్‌తో నొప్పి లేకుండా అంతా పోతుంది.

లేజర్, కెమికల్ పీల్ (మందు రాసి చర్మం పైపొరని ఒలిచే పద్ధతి) చర్మాన్ని బిగిస్తాయి, కొవ్వు జోలికి పోవు. మన చామనఛాయ చర్మానికి వేడి ఎక్కువైతే మచ్చలు నల్లబడి నెలల తరబడి ఉండిపోతాయి. పొలంలో, సముద్రం మీద, రోడ్డు మీద ఎండలో పనిచేసేవాళ్లకి ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. ఎండ తప్పించుకోలేని పని అయితే లేజర్ జోలికి వెళ్లకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

అపోహ: ఆపరేషన్ చేస్తే మచ్చ పడుతుంది, రెప్ప వేలాడిపోతుంది.

కొవ్వు సంచికి నిలిచే పరిష్కారం కింది రెప్ప బ్లెఫరోప్లాస్టీ, అంటే రెప్పని సరిచేసే ఆపరేషన్. చర్మం బిగుతుగా ఉన్న వయసులో రెప్ప లోపలి వైపు నుంచే చేస్తాం, బయట కోత ఉండదు. ఇప్పుడు కొవ్వంతా తీసేయడం తగ్గింది. ఎక్కువ తీసేస్తే నాలుగేళ్లు పోయాక కన్ను లోతుకుపోయి మొహం పీక్కుపోయినట్టుంటుంది. అందుకని కొంత తీసి, మిగిలినదాన్ని కింద గాడిలోకి సర్దుతాం. చర్మం కూడా సాగి ఉంటే వెంట్రుకల కిందుగా సన్న కోత పెట్టాల్సి వస్తుంది, ఆ గీత నెలల్లో మసకబారిపోతుంది.

రెప్ప కిందికి జారే ప్రమాదం ఉన్నమాట నిజమే, అందులోనూ బయటి కోతతో. అందుకే ముందు రెప్పని వేళ్లతో కిందికి లాగి వదిలి చూస్తాం. వెంటనే వెనక్కి అతుక్కోకపోతే ఆ రెప్పకి బిగింపు కూడా వేయాలి. కళ్లు పొడిబారే జబ్బు, అదుపులో లేని బీపీ, షుగరు, థైరాయిడ్ ఉంటే ముందు వాటి సంగతి చూడాలి. గుండెకి రక్తం పల్చబడే మాత్రలు వాడేవాళ్లు ఆ మాట దాచకూడదు, వాటిని సొంతంగా ఆపకూడదు. గుండె డాక్టరు, కంటి డాక్టరు మాట్లాడుకుని నిర్ణయించాల్సిన విషయమది. అందం కోసం చేసే ఆపరేషన్‌కి ఆరోగ్య బీమా సాధారణంగా వర్తించదని కూడా ముందే తెలుసుకోండి.

అపోహ: చిన్న ఆపరేషనే, ఆ రాత్రికే ఇంటికెళ్లిపోవచ్చు, వారంలో పెళ్లికి తయారవచ్చు.

కమిలిన రంగు పోవడానికి పది, పద్నాలుగు రోజులు పడుతుంది. అసలు రూపు తేలడానికి రెండు మూడు నెలలు. ఫొటోలు దిగాల్సిన పెళ్లి ఉంటే మూడు నెలల ముందే చేయించుకోండి. కాటుక, కాంటాక్ట్ లెన్సులు రెండు వారాలు మానాలి.

ఆపరేషన్ రోజు రాత్రి మాత్రం ఇచ్ఛాపురం బస్సో, పాలకొండ బస్సో ఎక్కేయకండి. చాలా అరుదుగా కంటి వెనక రక్తం చేరి, కంటి నరాన్ని నొక్కేస్తుంది. అది ఎక్కువగా మొదటి 24 గంటల్లోనే జరుగుతుంది, అప్పుడు చూపు దక్కడం గంటల మీద ఆధారపడి ఉంటుంది. వైజాగ్‌లో చేయించుకుంటే ఆ రాత్రి వైజాగ్‌లోనే, ఆసుపత్రికి దగ్గర్లో ఉండండి. కన్ను రాయిలా గట్టిపడి ముందుకు తోసుకొచ్చినా, మాత్రలకి తగ్గని నొప్పి ఉన్నా, చూపు మసకైనా తెల్లారేదాకా ఆగకుండా ఫోన్ చేసి బయల్దేరండి. డాక్టరు గారిని నిద్ర లేపడం ఎందుకులే అనుకోవద్దు.