కోసినా బలం పెరిగిన స్ప్రింగు

బుజ్జీ, చిన్నా,

మీ ఉత్తరం అందింది. కాగితం మూల ఆయిల్ మరక చూడగానే బాబాయి పక్కన కూర్చునే రాశారని తెలిసిపోయింది. మోటార్‌సైకిల్ ఎక్కితే పిన్ని కాళ్లు నేలకి ఆనడం లేదని బాబాయి మొన్న వెనక పొట్టి షాకప్‌లు వేశాడన్నారు. వెనక ఒక్కటే దించితే బండి ముక్కు పైకెత్తినట్టై, హ్యాండిల్ బద్ధకంగా తిరుగుతుంది. అందుకే ఇప్పుడు ముందు ఫోర్కులు, అంటే ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే రెండు గొట్టాలు, విప్పాడు. లోపలి స్ప్రింగులు ఒక్కోదాన్నీ ఆరు చుట్లు కోసేశాడట. "కోస్తే బలం తగ్గాలి కదా తాతయ్యా, ఇంకా గట్టిపడుతుందంటాడేంటి బాబాయి?" అని చిన్నా అడిగాడు. ఈ ప్రశ్న చదివి నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

ముందు ఒక పని చెయ్యండి. బాల్ పెన్ను విప్పి అందులోని చిన్న స్ప్రింగు బయటికి తియ్యండి. బల్ల మీద నిలబెట్టి వేలితో ఒక గోరు మందం నొక్కండి. తర్వాత దాని నడుముని రెండు గోళ్ల మధ్య గట్టిగా పట్టుకుని, పై సగాన్ని మాత్రమే అంతే మందం నొక్కండి. చేసి చూశాకే కింద చదవండి.

చూశారా? సగం స్ప్రింగు ఎక్కువ మొండికేసింది. ఎందుకో చెప్తాను.

నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు మా గదిలో ఒక పొడుగాటి బెంచీ ఉండేది. పది మందిమి కూర్చునేవాళ్లం. ఆలస్యంగా వచ్చినవాడు "సర్దుకోండ్రా" అనగానే ఒక్కొక్కడు రెండు వేళ్లంత జరిగేవాడు. వాడికి చోటు దొరికేది, మాకేమీ కష్టం తెలిసేది కాదు. ఒకరోజు మాస్టారు చాక్‌పీసులూ పటాలూ ఉన్న చెక్కపెట్టె తెచ్చి బెంచీకి ఒక కొసన పెట్టారు. అయిదుగురికే చోటు మిగిలింది. ఆరోజు కూడా ఒకడు ఆలస్యంగా వచ్చి "సర్దుకోండ్రా" అన్నాడు. పెట్టె సర్దుకోదు కదా! మా అయిదుగురం నాలుగేసి వేళ్లు జరగాల్సి వచ్చింది. పక్కటెముకలు నొక్కుకుపోయాయి. వాడు భుజంతో గట్టిగా తోస్తే గానీ లోపలికి రాలేకపోయాడు.

స్ప్రింగులో చుట్లు ఆ పిల్లలే. గుంత వచ్చినప్పుడు స్ప్రింగు ఇంత కుంగాలి అనుకోండి, ఆ కుంగుని చుట్లన్నీ కలిసి పంచుకుంటాయి. నలభై చుట్లుంటే ఒక్కోదానికి కొంచెమే వస్తుంది. ఆరు తీసేస్తే ముప్పై నాలుగే మిగిలాయి, ఒక్కోటీ ఎక్కువ వంగాలి, అందుకు ఎక్కువ బలం కావాలి. లెక్క వేస్తే, అంతే దూరం కుంగడానికి ఆరో వంతు కంటే కాస్త ఎక్కువ బలం అదనంగా పడుతుంది. కోసిన చోట బాబాయి ప్లాస్టిక్ పైపు ముక్క పెడుతున్నాడన్నారే, అదే మా చెక్కపెట్టె. చోటు ఆక్రమిస్తుంది, సర్దుకోదు. ఇంట్లో అయినా అంతే పిల్లలూ, అందరూ తలా కాస్త సర్దుకుంటే ఎవరికీ బరువనిపించదు. ఒకరు పెట్టెలా బిగుసుకుంటే మిగతావాళ్ల పక్కటెముకలు నొప్పెడతాయి.

బుజ్జి ఇంకో సంగతి గమనించింది. కోసిన ముక్క 60 మి.మీ. ఉంటే పైపు ముక్క 35 మి.మీ. మాత్రమే ఎందుకని. బాబాయి ఫోర్కు లోపల అడుగున 25 మి.మీ. గొట్టం ముక్క ఒకటి వేశాడు కదా, దానివల్ల ఫోర్కు ఇక పూర్తిగా చాచుకోలేదు. బండి దిగింది అక్కడే. లోపల చోటు 25 తగ్గింది కాబట్టి పైపూ అంత తగ్గింది.

దించినప్పుడు గట్టి చెయ్యడం ఎందుకంటే, ఫోర్కు మునుపు 120 మి.మీ. కుంగగలిగేది, ఇప్పుడు 95 మాత్రమే కుంగుతుంది. గుంత మాత్రం పాత గుంతే. ఉన్న కాస్త దూరంలోనే దాన్ని మింగాలి. స్ప్రింగు పాత మెత్తదనంతోనే ఉంటే ఫోర్కు అడుగుకి ఠంగుమని కొట్టుకుంటుంది. బెంచీ కొసన ఉన్నవాడు కింద పడ్డట్టు. నేను పడ్డాను ఒకసారి, మోచేతి మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

ఇక ఆయిల్. దానికీ ఆ బడే చెప్తాను. మా గదికి ఒకటే ఇరుకు తలుపు. బెల్లు కొట్టాక నెమ్మదిగా నడిస్తే నలభై మందిమీ హాయిగా బయటపడేవాళ్లం. అందరం ఒక్కసారి పరిగెత్తామా, గుమ్మంలో ఇరుక్కునేవాళ్లం. ఫోర్కులో ఆయిల్ కూడా చిన్న చిన్న రంధ్రాల గుండా పోవాలి. ఫోర్కు మెల్లగా కదిలితే దారిస్తుంది, జోరుగా కదిలితే అడ్డుపడుతుంది. ఆయిల్ లేకపోతే గుంత దాటాక కూడా స్ప్రింగు పైకీ కిందికీ ఊగుతూనే ఉంటుంది. నంబరు పెరిగితే ఆయిల్ చిక్కన. బాబాయి 10 నంబరు తీసి 15 నంబరు పోస్తున్నాడంటే పిల్లల భుజాలకి బరువు సంచులు తగిలించాడన్నమాట, గుమ్మం దాటడం ఇంకా నెమ్మదిస్తుంది. కానీ చిక్కటి ఆయిల్ స్ప్రింగుకి బలం ఇవ్వదు, ఊపుని మాత్రమే నెమ్మది చేస్తుంది. ఈ రెండూ ఒకటే అనుకుని ఆయిల్ మార్చి ఊరుకునేవాళ్లను చాలామందిని చూశాను.

1935లో బీఎండబ్ల్యూ ఆర్12 అనే బండి వచ్చింది. ఇలా ఆయిల్‌తో ఊపు ఆపే గొట్టాల ఫోర్కుతో అమ్మకానికి వచ్చిన మొదటి బండి అదే. ఒక గొట్టంలో ఇంకో గొట్టం, లోపల స్ప్రింగు, చారెడు ఆయిల్. ఇన్నేళ్లయినా మీ పిన్ని బండిలో ఉన్నదీ అదే. తలుచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది నాకు.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నా. ఫోర్కు పైమూత తిప్పేటప్పుడు దాని మీదికి ముఖం వంచొద్దు. కింద స్ప్రింగు నొక్కుకుని ఉంటుంది, చివరి మర ఊడగానే మూత తుపాకి గుండులా ఎగురుతుంది. స్ప్రింగు కోసేటప్పుడు కూడా దూరంగా ఉండండి, నిప్పురవ్వలు కళ్లలో పడతాయి. ఆయిల్ కొలిచే పని మీరు అడిగి తీసుకోండి. స్ప్రింగు తీసేసి, ఫోర్కుని పూర్తిగా కుదించి, గొట్టం అంచు నుంచి ఆయిల్ దాకా స్కేలు దించి చూడాలి. రెండు ఫోర్కుల్లోనూ ఒకే కొలత రావాలి. ఒక మి.మీ. తేడా ఉన్నా బాబాయికి చెప్పండి, మొహమాటపడొద్దు.

అన్నీ బిగించాక, ముందు చక్రం ఇంకా గాల్లో ఉండగానే, మెరిసే గొట్టానికి ఒక ప్లాస్టిక్ ట్యాగ్ కట్టి కింద రబ్బరు సీలు దాకా జరపండి. చక్రం నేలకి దించి, పిన్నిని మెల్లగా ఎక్కి మెల్లగా దిగమనండి. మళ్లీ చక్రం పైకెత్తి, సీలుకీ ట్యాగ్‌కీ మధ్య ఎంతుందో కొలవండి. 95లో దాదాపు మూడో వంతు, అంటే 30 దగ్గర ఆగితే బాబాయి చెయ్యి తిరిగినవాడే. 45 దాటితే స్ప్రింగు ఇంకా మెత్తగా ఉన్నట్టు. 15 లోపే ఆగితే మరీ బిగుసుకుపోయినట్టు.

ఆ ట్యాగ్ విప్పకండి. పిన్ని ఒక వారం తిరిగొచ్చాక అది ఎక్కడిదాకా ఎగబాకిందో చూసి, రెండు కొలతలూ నాకు రాయండి.

మీ తాతయ్య